బల్ల ముందు విడిచిపెట్టిన పుంజు

కోత పండుగ ఆరాధన మధ్యలో లేచి, చెప్పులేసుకొని బస్టాండుకు నడిచిన మనిషిని మా ఎల్లారెడ్డిలో ఎవరూ చూసి ఉండరు. పోయిన ఏడు చూశారు. ఆ మనిషిని నేనే. దాని మీద ఊళ్లో ఎవరికి తోచినట్టు వాళ్లు చెప్పుకుంటున్నారు కాబట్టి జరిగింది జరిగినట్టు రాసి పెడుతున్నాను. నేను బడికి పోయినవాణ్ని కాదు. గోడలు కట్టే పనికి పోతూ, పొద్దుగూకినాక దుకాణాల బోర్డులు కూడబలుక్కుంటూ చదువు నేర్చుకున్నవాణ్ని. కానీ చదివినదాన్ని చదివినట్టే నమ్ముతాను. చదువుకున్నవాళ్లకు ఆ అలవాటు తక్కువ.

మా చర్చి సంఘంలో కోత పండుగకు ఎవరికి పండింది వాళ్లు తెస్తారు. వడ్లు, మక్కలు, గుమ్మడికాయలు, గుడ్లు, కోళ్లు. అన్నీ ప్రభువు బల్ల ముందు పెట్టి, ప్రార్థన అయ్యాక హర్రాజు పాడతారు. పక్కింటివాడు పాట పెంచితే మనవాడు ఊరుకోడు. ఆనిగెపుకాయ కూడా ఆ రోజు పెండ్లికొడుకే. దీన్ని కొందరు భక్తి అంటారు, నేను పంతం అంటాను. అయినా ఏడాదంతా ఆ రోజు కోసమే ఎదురుచూస్తాను.

నేను తీసుకుపోయింది ఎర్ర పుంజు. నా భార్య దేవునికని విడిచిన పుంజు. అది పిల్లగా ఉన్ననాడే, దీని మీద కన్నేయొద్దని నాకు గట్టిగా చెప్పి పెట్టింది. వానాకాలంలో ఆమె పోయింది. పొద్దున నాకు చాయ్ పోసిన మనిషి, మధ్యాహ్నానికి లేదు. పుంజు మిగిలింది.

ఆమె పోయిననాడు నేను ఏడవలేదు. ఓదార్చడానికి వచ్చినవాళ్లు నన్ను చూసి, ఎంత గట్టి విశ్వాసం అనుకున్నారు. విశ్వాసం కాదు, కోపం. సమాధి చుట్టూ అందరూ పిడికెడు మట్టి వేస్తున్నారు, నేను ఒక్క మనిషి కోసం గేటు దిక్కు చూస్తున్నాను. నా తమ్ముడు రాలేదు.

తమ్ముడిది కామారెడ్డి. గంజ్ బజారు దగ్గర బెల్లం దుకాణం. ఒక్క తల్లి పిల్లలమే అయినా కొలిచే దేవుళ్లు వేరయ్యారు. నేనూ నా భార్యా బాప్తిస్మం తీసుకున్నాం, ముసలితనంలో అమ్మ కూడా తీసుకుంది, వాడు తీసుకోలేదు. దానికి మా ఇంట్లో ఎన్నడూ లొల్లి లేదు. లొల్లి అమ్మ చనిపోయిన మూడోనాడు వచ్చింది. పాత ఆచారం ప్రకారం అమ్మ సమాధి మీద పిట్టకు అన్నం పెడతానని వాడు విస్తరి పట్టుకొచ్చాడు. సిలువ దగ్గర అవన్నీ కుదరవని సంఘపెద్దలు అడ్డం నిలబడ్డారు. నేను పెద్దల పక్కన నిలబడ్డాను. ఆ విస్తరి చేతిలో అట్లాగే పట్టుకొని వాడు బస్సెక్కి పోయాడు. నేను నిలబడ్డ చోటు తప్పని ఇప్పటికీ అనను. కానీ ఆ తర్వాత పదేండ్లకు పైగా మా మధ్య మాటల్లేవు.

సరే, నా మీద కోపం నా మీదే ఉండాలి కదా. వాడి వదిన ఏం చేసింది? ఆమె మా ఇంటికి కోడలుగా వచ్చేనాటికి వాడు చెడ్డీ జారిపోయే పోరడు. అమ్మ కూలికి పోతే స్నానం పోసింది, తల దువ్వింది, దెబ్బలు తగిలితే పసుపు అద్దింది అంతా ఆమే. అలాంటి వదిన చావుకు రాని మనిషి మనిషేనా? వానాకాలం అంతా ఈ ఒక్క ప్రశ్ననే నమిలాను. ప్రార్థనకు కళ్లు మూసినా అదే.

ఇక ఆ ఆదివారం. పుంజును కాళ్లు కట్టి బల్ల ముందు గుమ్మడికాయల పక్కన పెట్టి వచ్చి కూర్చున్నాను. మా పాస్టరు అయ్యగారు చిన్న వయసువాడు, మంచివాడు, గొంతు కొంచెం ఎక్కువ. ఆయన ఆ రోజు ఎత్తుకున్న వాక్యం ఏమంటే, అర్పణ తెచ్చినప్పుడు నీ తోబుట్టువుకు నీ మీద ఏదన్నా ఉందని గుర్తొస్తే, దాన్ని అక్కడే విడిచి ముందు పోయి సమాధానపడు, ఆ తర్వాత వచ్చి అర్పించు అని.

నాకు ఒళ్లు మండింది. ఆ మాట నేను వందసార్లు విన్నదే. కానీ ఆ రోజే మొదటిసారి గట్టిగా తగిలింది. నీకు వాడి మీద కోపం ఉంటే అని ప్రభువు అనలేదు. వాడికి నీ మీద ఉంటే అన్నాడు. ఇదెక్కడి న్యాయం? చావుకు రానివాడు వాడు, బస్సు ఎక్కాల్సింది నేనా? కూర్చున్నచోటనే దేవునితో గొడవ పెట్టుకున్నాను. ఆయన పలకలేదు. పుంజు మాత్రం నా దిక్కే చూస్తోంది. మేస్త్రీగా నాకు తెలిసింది ఒకటే, దారం కట్టాక గోడ దారం వెంబడే పోవాలి. లేచి నిలబడ్డాను.

"పెద్దాయనా, ఎక్కడికి?" అన్నాడు అయ్యగారు ప్రసంగం ఆపి.

"మీరే పొమ్మన్నరు గదా. కామారెడ్డికి," అన్నాను. "నా పుంజును హర్రాజు పెట్టకుండ్రి. నేను మల్లొచ్చి ఇచ్చేదాక అది దేవునిది గాదు, నాదే."

చర్చి చర్చంతా నవ్వింది. అయ్యగారు మాత్రం నవ్వలేదు, నవ్వడానికి ఆయనకు దారి లేదు.

బస్సు ఎక్కానే గానీ గుండె డప్పు కొడుతోంది. డెబ్బై దాటిన మనిషికి ఉండాల్సిన దడ కాదది, పెండ్లిచూపులకు పోయేవాడి దడ. వాడు మొహం మీదే తలుపు వేస్తే? గిరాకుల ముందు తిడితే? తిడితే నేనూ తిడతాను కదా, అప్పుడు సమాధానపడడం ఏం కావాలి? నడిదారిలో లింగంపేటలో దిగిపోదామని సగం లేచాను కూడా. అప్పుడే సంఘపెద్ద ఫోన్. ప్రార్థనలో కళ్లు మూసినప్పుడల్లా నీ పుంజు కూస్తోంది, అందరూ నవ్వుతున్నారు, దీన్ని ఏం చేయమంటావని. కూయనీయమని చెప్పి మళ్లీ కూర్చున్నాను.

దుకాణంలో వాడు బెల్లం ముద్ద పగలగొడుతున్నాడు. జుట్టు తెల్లబడింది. నన్ను చూశాడు, చూడనట్టే గిరాకుకు తూచి ఇచ్చాడు, ఆ మనిషి పోయేదాకా ఆగి, "ఏం గావాలె?" అన్నాడు, నేనూ బెల్లానికి వచ్చినట్టు.

"మీ వదిన పోయింది," అన్నాను.

"తెలిసింది. దినాలు గిట్ల అన్నీ అయినంక. ఎల్లారెడ్డి కెళ్లి వచ్చిన గిరాకు చెప్పిండు."

నాకు కోపం తన్నుకొచ్చింది. "చావుకు పిలుస్తరారా ఎవరన్న?"

"పిలువరే అన్నా. చెప్తరు."

ఆ రోజు ఇంట్లో ఏం జరిగి ఉంటుందో అప్పుడు ఒక్కొక్కటీ తెలిసొచ్చింది. సంఘపెద్ద కబురు పెట్టాడని మా అబ్బాయి అనుకున్నాడు. సొంత తమ్మునికి ఇంటివాళ్లే చెప్పుకుంటారని సంఘపెద్ద ఊరుకున్నాడు. మాటల్లేని ఇంటికి ఫోన్ చేయడానికి ఎవరికి వారు జంకి, ఇంకొకరు చేసి ఉంటారని సర్దుకున్నారు. నేను గేటు దిక్కు చూస్తూ కూర్చున్నాను.

వాడు చేతిలోని సుత్తె కింద పెట్టాడు. "నువ్వు మాట్లాడకుంటె మాట్లాడకపోతివి. నా తల దువ్విన మనిషి మీద పిడికెడు మట్టి గూడ ఎయ్యనియ్యకపోతివి గదనే."

నేను ఏడ్చాను. వానాకాలం నుంచి ఆగిందంతా ఆ బెల్లం దుకాణంలో, ఈగల మధ్య, గంజ్ అంతా చూస్తుండగా ఏడ్చాను. వాడు నన్ను పట్టుకున్నాడా, నేను వాణ్ని పట్టుకున్నానా చెప్పలేను. వాడికి నా మీద నిజంగానే ఉంది. ఉండాల్సినంత ఉంది. నాకు తెలియని సంగతి ప్రభువుకు ముందే తెలుసు, నేను ఆయనతో పొద్దున్నే ఉత్తగా కొట్లాడాను.

దుకాణం మూసి ఇంటికి తీసుకుపోయాడు. మరదలు కాళ్లకు నీళ్లిచ్చి అడిగిన మొదటి మాట, "బావా, మిమ్ముల ఎవరన్న నిద్రకు తోల్కపోయిండ్రా?"

మా దిక్కు చావైన ఇంటి మనిషిని దగ్గరివాళ్లు తమ ఇంటికి తీసుకుపోయి, తినిపించి, ఒక్క నిద్ర చేయిస్తారు. అది అయ్యేదాకా ఆ మనిషి దుఃఖంలోంచి లేచినట్టు కాదు. మా సంఘంలో ఇప్పుడు ఎవరూ చేయడం లేదు, గ్రంథంలో లేదంటారు. లేకపోతే లేకపోయింది. అదే గ్రంథంలో తమ్ముణ్ని పోగొట్టుకున్న అక్కాచెల్లెళ్ల దగ్గరికి ప్రభువు ఎందుకు పోయాడు, వాళ్ల ముందు ఎందుకు కన్నీళ్లు పెట్టుకున్నాడు? నన్నెవరూ తీసుకుపోలేదని చెప్పాను.

"అయితె గియ్యాల ఈడనే," అంది మరదలు, ఇంకో మాటకు చోటు లేకుండా. వాళ్ల ఇంట్లో తిన్నాను, పడుకున్నాను. ఆమె పోయినాక మొదటిసారి తెల్లారేదాకా నిద్రపోయాను.

పొద్దున నాకంటే ముందు తమ్ముడే తయారై కూర్చున్నాడు. ఎల్లారెడ్డి బస్సులో మేమిద్దరం పక్కపక్కన. వాడి చిన్నప్పుడు వదిన కొట్టిన దెబ్బలన్నీ వాడు చెబుతుంటే, అవి నేను కొట్టినవని నేను, కాదు ఆమే కొట్టిందని వాడు. మా గొడవకు కండక్టరు నవ్వాడు. పుంజు ఇంకా చర్చి ఆవరణలోనే ఉందని, వచ్చే ఆదివారం నా చేతుల మీదుగానే హర్రాజు పెడతామని అయ్యగారు ఫోన్‌లో చెప్పాడు. నేను సరేనని పెట్టేశాను, నా ధ్యాస దాని మీద లేదు.

బస్టాండు నుంచి నేరుగా సమాధుల తోటకే పోయాం. నా భార్య సమాధి మట్టి మీద గడ్డి మొలిచింది. తమ్ముడు చెప్పులు విడిచి దూరంగానే ఆగాడు. అమ్మ సమాధి దగ్గర అడ్డం నిలబడ్డట్టు ఇప్పుడు కూడా నిలబడతానేమో అని నా మొహం చూశాడు. నేను వాడి చెయ్యి పట్టుకొని దగ్గరికి తెచ్చాను. వంగి, పిడికెడు మట్టి తీసి వేశాడు.

"నువ్వు పార్థన జెయ్యి, అన్నా. నాకు రాదు," అన్నాడు.

సంఘంలో నేను ప్రార్థన మొదలుపెడితే జనం గడియారం చూసుకుంటారు. ఆ పొద్దు నాకు ఒక్క మాట రాలేదు. వాడు కాసేపు చూసి, ఇక లాభం లేదనుకున్నాడేమో, తనే చేతులు జోడించాడు.

"వదినా, నేనొచ్చిన. ఆలిశమైంది. అన్న మీద కోపానికి రాకు, నా మీద కోపానికి రాకు. ఇగ మేం మంచిగుంటం."

చనిపోయినవాళ్లతో మాట్లాడేది ప్రార్థన కాదని నాకు తెలుసు. ఎవరన్నా వచ్చి నాతో వాదించాలనుకుంటే రావచ్చు, నేను ఇంట్లోనే ఉంటాను. ఆ పొద్దు మాత్రం వాడు ముగించగానే, గట్టిగా, తోటంతా వినబడేట్టు ఆమేన్ అన్నాను.