చప్పుడు లేని దయ్యం

ఆ రోజుల్లో మా ఇంట్లో దయ్యానికి ఉన్న మర్యాద చుట్టానికి ఉండేది కాదు. చుట్టం వస్తే అమ్మ పని చేసుకుంటూనే మాట్లాడేది. నవలలో దయ్యం వచ్చే ఘట్టమైతే మాత్రం చేతిలోని చీర పక్కన పెట్టి, కళ్లజోడు తుడుచుకుని, గొంతు సవరించుకుని మరీ కూర్చునేది. సూరత్‌లో, నవాగామ్‌లో ఒక్క గది ఇల్లు మాది. మా నాన్న, బాపు, సాంచాల మీద పనిచేసేవాడు (మరమగ్గాలను మావాళ్లు సాంచాలంటారు). అమ్మది చీరలకు రాళ్లు అతికించే పని. మధ్యాహ్నం కాగానే వాడకట్టు ఆడవాళ్లంతా తమ తమ చీరలు పట్టుకుని మా గదిలో చేరేవారు. అమ్మ నవల పైకి చదువుతుంటే, ఆమె వాటా రాళ్లు కూడా వాళ్లే పంచుకుని అతికించేవారు. ఆ నవలలన్నీ ఒకే రచయితవి. ఆయన పేరు అట్టల మీద ఉండే ఉంటుంది గానీ, చేతులు మారి మా దాకా వచ్చేసరికి పుస్తకాలకు అట్టలు మిగిలేవి కావు. అందుకే మాకు ఆయన దయ్యాల సారు. గుజరాతీ బడిలో చదివిన నాకు తెలుగు చదవడం వచ్చిందంటే ఆయన పుణ్యమే (అందరూ అమ్మ, ఆవు అంటూ మొదలుపెడితే నేను శవం, శ్మశానంతో మొదలుపెట్టాను).

నేను పెద్ద క్లాసులకు వచ్చేసరికి టీవీలు వచ్చాయి, ఆ వెనకే ఫోన్లు వచ్చాయి, ఆడవాళ్లు రావడం తగ్గింది. చివరికి ఒకనాటి మధ్యాహ్నం ఎవరూ రాలేదు. అమ్మ పుస్తకాలన్నీ రేకు పెట్టెలో సర్ది పెట్టెను అటక ఎక్కించింది, అంతే. నాకు మాత్రం ఆ పెట్టెను చూసినప్పుడల్లా ఏడుపొచ్చేది. అమ్మ మళ్లీ పుస్తకం తీయాలి, ఆ గదిలో మళ్లీ అందరూ భయపడాలి. నాకు కావలసింది అదొక్కటే.

అప్పటికే దయ్యాల సారు నవలలు సినిమాలుగా వచ్చేశాయి. సలాబత్‌పురాలో చీరల దుకాణంలో పనిచేసే మా బావ దృష్టిలో వాటిలో బంగళా సినిమాను మించింది లేదు. ఊరంతా ఆడిన సినిమా అది. నాకేమో ఎక్కడా సరిగ్గా ఆడని చప్పుళ్ల సినిమా అంటే ప్రాణం. ఒక ఊళ్లో చప్పుళ్లు ఒక్కొక్కటే మాయమైపోతుంటాయి. ముందు కాకులు, తర్వాత తిరగలి, తర్వాత గజ్జెలు. ఇదీ కథ. బావకూ నాకూ అన్నం ముందు కూర్చుంటే చాలు ఇదే గొడవ. అమ్మ రెండూ చూడనంది.

"నా కండ్లల్ల నేను సూసుకున్న దయ్యం నాకు సాలు. ఇంకొకరి దయ్యం నాకెందుకు బిడ్డా?"

తగవు తీర్చుకోవడానికి బావ పెళ్లి వీడియోలు తీసే స్నేహితుడి దగ్గర్నుంచి ప్రొజెక్టర్ తెచ్చాడు. సెలవు రోజు సాంచాల షెడ్డులో ఆట వేసుకుంటామని బాపు షెడ్డు యజమాని శేటును అడిగాడు. శేటు ఒకే ఒక్క షరతు పెట్టాడు, సాంచాల మీద ఎవరూ చెయ్యి వేయకూడదు. "ఎవడన్న ముట్టుకుంటే నా నౌకరీ తీసెయ్ శేట్" అని బాపు మాటిచ్చి వచ్చాడు. రంగు వేయని బట్టను తెరగా కట్టాం.

మొదటి సెలవుకు బావ సినిమా. నిజం చెప్పాలంటే ఆ బంగళా ఎంతో అందంగా ఉంది, ఆ మెట్ల వంపు ఇప్పటికీ కళ్లలో ఉంది. కానీ తలుపు తీస్తే ధన్‌మని మోత, మూస్తే ధన్‌మని మోత, పిల్లి తుమ్మినా ధన్‌మని మోతే. ఏళ్ల తరబడి సాంచాల హోరు పక్కన పడుకుని లేచిన జనం మేం. మాకది జోలపాటలా పనిచేసింది. ఇంటర్వెల్ కాకముందే షెడ్డు మొత్తం గుర్రు పెట్టింది.

"గంత భయంకరమైన సీన్ల నిద్రేంది మామా?" అని బావ మా పొడుగు చిన్నాయనను కుదిపి లేపాడు.

చిన్నాయన ఒళ్లు విరుచుకుని, "ఎన్నడు పట్టని నిద్ర పట్టింది అల్లుడా. జర వచ్చే సెలవుకు సుత గిదే పెట్టు" అన్నాడు.

తర్వాతి సెలవుకు నా సినిమా. కాసేపు కూర్చుని వచ్చేద్దామని బతిమాలి అమ్మను తీసుకెళ్లాను. దర్శకుడెవరో గానీ దండం పెట్టాలి. సంగీతం లేదు, అరుపుల్లేవు. తెర మీద ఒక్కో చప్పుడూ పోతుంటే షెడ్డులో దగ్గులు కూడా ఆగిపోయాయి. నవలలో ఒక ఇల్లాలు కనబడకుండా పోయిన మొగుణ్ని పిలిచే ఘట్టం వచ్చినప్పుడు అమ్మ గొంతు తగ్గిస్తూ తగ్గిస్తూ, చివరికి పెదవులు మాత్రమే కదిపేది. హోరులో పనిచేసే ఇళ్లలోని వాళ్లం గనుక పెదవులు చూస్తే మాకు మాట తెలిసిపోతుంది. సినిమాలోనూ అచ్చం అలాగే తీశారు! తెర మీద ఆమె పెదవులు కదిలాయి. పక్కకు తిరిగి చూస్తే అమ్మ పెదవులూ ఆమెతోపాటే కదులుతున్నాయి. ఆ క్షణంలో నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

కానీ నేనొకటి మరిచిపోయాను. సాంచాలు ఆగి నిశ్శబ్దమైందంటే మావాళ్లకు ఎన్నడూ మంచి కబురు లేదు. పని పోయినా నిశ్శబ్దమే, ఎవరి చెయ్యి సాంచను తిప్పే పట్టాలో పడి నలిగినా నిశ్శబ్దమే. అందరి ముఖాలూ పాలిపోయాయి. పిల్లలు తల్లుల కొంగుల్లో దూరారు. ఇక తట్టుకోలేక పొడుగు చిన్నాయన చటుక్కున లేచి, పక్కనున్న సాంచ స్విచ్ వేసి పిడి లాగాడు. ఖట్ ఖట్ ఖట్!

"అయ్యో, నా నౌకరీ!" అంటూ బాపు పరుగెత్తాడు. ఆయన చేరేలోపు ఇంకో మూల ఇంకెవరో ఇంకోటి నడిపించారు. షెడ్డంతా ఒక్కసారిగా ఊపిరి పీల్చుకుంది. బాపు చిన్నాయన సాంచ దగ్గరికి వెళ్లి పిడి మీద చెయ్యి వేసి, ఆపకుండా అలాగే నిలబడిపోయాడు. ఆయనకూ హాయిగానే ఉన్నట్టుంది.

సరిగ్గా అప్పుడే శేటు గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు. బాపు నౌకరీ పోయిందనే అనుకున్నాను. శేటు నడుస్తున్న సాంచాలను చూశాడు, చుట్టూ నిలబడ్డ మనుషులను చూశాడు, తెర మీద బొమ్మ వైపు చూడనైనా చూడలేదు.

"అరే వాహ్! రజానా దివసే పణ్ కామ్?" (సెలవు రోజున కూడా పనేనా!)

"క్యా కరే శేట్, ఆదత్ హై" అన్నాడు బాపు, చేతులు కట్టుకుని. ఏం చేస్తాం, అలవాటైపోయింది అని. శేటు ఆనందపడిపోయి అందరికీ చాయ్ తెప్పించాడు. ఆ హోరులో, ఆ చాయ్ గొడవలో సినిమా ఎప్పుడు అయిపోయిందో ఎవరికీ తెలియలేదు. నా ముచ్చట మట్టిపాలైందని ఇంటికొచ్చి ముసుగు పెట్టుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. చూస్తే చిన్నాయన భార్య, ఆమె వెనక వాడకట్టు ఆడవాళ్లు, చేతుల్లో చీరలు.

"అక్కా, ఆఖరికి ఆమె పెనిమిటి దొరికిండా లేదా? పొద్దటిసంది పానం కొట్టుకుంటాంది."

"అల్లునికి జెప్పుండ్రి, మల్ల ఏస్తడు" అంది అమ్మ.

"అద్దు తల్లీ, ఆ సిన్మ మాతోని గాదు. నువ్వే సదువు. నువ్వు సదివితే భయమైతది గని, పక్కన నువ్వుంటవు."

అమ్మ చేతిలోని చీర పక్కన పెట్టింది. తర్వాత నా వైపు చూసి, "నిలవడ్డవేంది? పెట్టె దించు" అంది. కళ్లజోడు తుడుచుకోవడానికి ఆ రోజు చాలాసేపు పట్టింది.

ఇప్పుడు నేను ఊరి అంచున, కామ్‌రేజ్ వైపు ఒక ఫ్లాట్‌లో ఉంటున్నాను. కిటికీలు మూస్తే రోడ్డు చప్పుడు కూడా లోపలికి రాదు. చప్పుళ్ల సినిమాను ఇప్పుడు గొప్ప సినిమా అంటున్నారు. ఆఫీసులో పిల్లలు కూడా దాన్ని తెగ మెచ్చుకుంటుంటే, ఆనాటి నన్ను తలుచుకుని నవ్వుకుంటాను. నేనింకా ఆ సినిమాను చివరిదాకా ఒంటరిగా చూడలేదు. గజ్జెల చప్పుడు పోయే చోటికి రాగానే వంటింట్లోకి పరుగెత్తి, ఏమీ వేయకుండానే మిక్సీ తిప్పేస్తాను (చిన్నాయన రక్తం ఎక్కడికి పోతుంది!). ఆ మోతలోనే అమ్మకు ఫోన్ చేస్తాను.

"ఏ కాడికి అచ్చింది?" అంటుంది అమ్మ. చెబుతాను. పుస్తకం అవసరం లేకుండానే అక్కడి నుంచి అందుకుంటుంది, గొంతు తగ్గిస్తూ, తగ్గిస్తూ.

నేను మిక్సీ ఆపేస్తాను.