లామినేషన్ చేయించిన మందుల చీటీ

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, రెండేళ్ల క్రితం ఇదే మైకు పట్టుకొని నా తమ్ముడు యోహాను కొరకు ప్రార్థించమని మీ ముందు ఏడ్చిన మార్తను నేనే. ఆ కన్నీటి వెనుక నేను దాచిన సంగతి ఈ రోజు చెప్పకపోతే నా మనస్సు నిలువదు.

మా నాయిన అచ్చంపేట దగ్గర గొర్రెలు కాసేవాడు, మా వంశంలో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను. ఉపాధ్యాయ పరీక్షకు చదివే రోజుల్లో నిద్ర పట్టక నల్గొండలో ఒక డాక్టరుకు చూపించుకుంటే పదిహేను రోజులకు నిద్ర గోలీలు చీటీ మీద రాసి ఇచ్చారు. కాగితమంటే మా ఇంట్లో భయభక్తులు. నా పట్టాను లామినేషన్ చేయించిన దుకాణంలోనే ఆ చీటీని కూడా చేయించాను. అది చిరగలేదు, వెలిసిపోలేదు, పదిహేను రోజులు నాలుగేళ్లయ్యాయి! రాత్రికని రాసినది, టీచరునయ్యాక పొద్దున కూడా మింగనిదే చాక్‌పీసు పట్టిన చెయ్యి నిలిచేది కాదు. అయినా మందుల షాపులో నన్ను మేడమ్ అనే పిలిచేవారు.

ఆటో నడిపే నా తమ్ముడు గంజాయితో పట్టుబడ్డాడు. పోలీసులు పట్టుకునేదే మత్తు అనుకున్నదాన్ని, వాడి బట్టలు బయటపెట్టాను. వాడు గడప దగ్గర నిలబడి, "అక్కా, నీ దానికి చీటీ ఉన్నది, నా దానికి లేదు. గంతేనా ఫరక్?" అన్నాడు. వాడి ముఖం మీదే తలుపు వేసుకొని, ఆ ఆదివారమే "ప్రభువా, తప్పిపోయిన నా తమ్ముణ్ణి విడిపించుము" అని మీచేత ప్రార్థన చేయించాను. అప్పుడు కూడా ఆ చీటీ నా సంచిలోనే ఉంది.

పోయిన వేసవిలో, ఒంటిపూట బడులప్పుడు, మందుల షాపులో కొత్తగా చేరిన అమ్మాయి దాన్ని వెలుతురుకు పట్టి, "మేడమ్, తేదీ చూసిన్రా? నా చెల్లె బడికి పోకముందుది. కొత్తది రాయించుకొని రాండ్రి" అంది. కొత్తది కావాలంటే ఎన్ని మింగుతున్నానో డాక్టరుకు చెప్పాలి. ఆ సిగ్గుకు గోలీలు లేకుండానే వెనుదిరిగాను. మూడో రోజు బడిలో పిల్లల ముందే వణుకుతూ పడిపోయాను. ఇంటికి చేర్చాక జ్వరమని అమ్మ తడిగుడ్డ వేస్తుంటే, కబురందుకొని తమ్ముడు వచ్చాడు. అప్పటికే వాడు సర్కారు దవాఖానలో చేరి మానుకున్నాడట, నాకు తెలియనే తెలియదు. నా చేతులు చూసి, "అమ్మా, గిది జ్వరం గాదు. గిట్ల వణికెటోళ్లను నేను వార్డుల చూసిన. అక్కను లేపు" అన్నాడు.

దవాఖానకు పోతూ వాడి ఆటోలో వాడి వీపును చూస్తూ చేసిన ప్రార్థన ఇది: "ప్రభువా, తప్పిపోయినది నేను."

ఒక్కసారిగా మానితే ప్రాణానికే ముప్పని, కొద్దికొద్దిగా తగ్గించాలని డాక్టరమ్మ చెప్పింది. కాబట్టి సహోదరులారా, నా విడుదల ఒక్క గడియలో కాలేదు, ఇంకా అవుతూనే ఉంది. ఈ వారం సగం గోలీ. సాక్ష్యం రాసుకున్న ఈ కాగితం చేతిలో వణకడం మీరూ చూస్తున్నారు, అయినా దేవునికే మహిమ! మీ సంచిలో కూడా అటువంటి చీటీ ఉంటే దాన్ని ఆయనకు చూపండి, డాక్టరుకూ చూపండి. ఆయన ఎవరినీ గడప బయట నిలబెట్టడు.

వెనుక చెప్పుల దగ్గర కూర్చున్నవాడే నా తమ్ముడు. ఆనాడు గడప దగ్గర వాడొక ప్రశ్న అడిగాడు, నేను జవాబు బాకీ ఉన్నాను.

గంతే ఫరక్, తమ్మీ. ముందుకు రా.