కండక్టరు అడిగిన నీళ్లు

శాసనసభలో ఆయన్ని గౌరవ సభ్యులు అనేవారు. బయట మాత్రం అలా పిలిచిన పాపాన ఎవరూ పోలేదు. చిన్నా పెద్దా అందరికీ ఆయన కండక్టరే. సగం జీవితం బస్సు ఫుట్‌బోర్డు మీద వేలాడిన మనిషి, ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నంత మాత్రాన పేరు మారిపోతుందా? ఆ రూటులో ఏ ముసలమ్మ ఏ స్టాపులో దిగుతుందో, ఎవరికి మోకాళ్ల నొప్పులో, ఎవరి కూతురు ఏ ఆసుపత్రిలో పురుడు పోసుకుందో ఆయనకు కంఠతా వచ్చు. చిల్లర లేదంటే కసురుకునేవాడు గానీ, చిల్లర లేదని ఎవరినీ దారిలో దించేయలేదు. ఏ పార్టీ అండా లేకుండా ఎన్నికల్లో నిలబడితే జనం ఆ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుని ఓట్లేశారు.

అడగందే అమ్మైనా పెట్టదు అన్నది ఆయన ఊతపదం. నిజానికి అమ్మ చిన్నప్పుడే పోయింది. అడక్కుండానే పెట్టి పెంచింది అక్క. ఆమె ఊరి బళ్లో పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండేది. తమ్ముడు శాసనసభ్యుడయ్యాక ఇంక ఆ పొగలో ఎందుకు, మానెయ్యమంటే వినలేదు.

"నువ్వు రేపు ఓడిపోతావురా. నా గరిటె ఓడిపోదు" అనేసింది. ఆయన అందరి ముందూ ఆ మాట చెప్పుకుని నవ్వేవాడు.

సభలో ఆయన పని ప్రశ్నలు అడగడం. దానిలో ఆయనకో కిటుకు తెలుసు. సభ్యుడు ప్రశ్న రాసిస్తే అది శాఖకు వెళ్తుంది, శాఖ నుంచి జిల్లాకు, జిల్లా నుంచి మండలానికి దిగుతుంది. కింద ఉన్నవాళ్లకు వణుకు మొదలవుతుంది. ఫలానా ఆసుపత్రిలో డాక్టరు లేని మాట నిజమేనా అని అడిగితే, జవాబు చెప్పే రోజుకు ఎక్కడి నుంచో ఒక డాక్టర్ని తెచ్చి కూర్చోబెడతారు. మంత్రి లేచి దర్జాగా "కాదండి" అంటాడు. సభలో నవ్వుతారు. కండక్టరు మళ్లీ అబద్ధం ఆడాడని పక్క బెంచీవాళ్లు వేళాకోళం చేస్తారు. ఈయన మాత్రం తల వంచుకుని మీసాల్లో నవ్వుకునేవాడు. డాక్టరు వచ్చాడు కదా, అది చాలు. పల్లెకు బస్సు వచ్చిందీ, వీధి దీపాలు వెలిగిందీ, పశువుల ఆసుపత్రి తాళం ఊడిందీ అన్నీ ఆ "కాదండి" పుణ్యమే. తనను అబద్ధాలకోరని అంటే అననీ అనుకునేవాడు. అంత మంచి మనిషికి అంత తెలివి ఉండటం మంచిదేనని మనం కూడా అనుకునేవాళ్లమే. తెలివి ఎక్కడ తిరగబడుతుందో ముందుగా ఎవరికి తెలుస్తుంది?

ఊరి బడి ఆవరణలో, వంటగది గోడకు ఆనుకుని, ఎత్తైన కాళ్ల మీద నీళ్ల ట్యాంకు ఒకటుంది. దాని నీడలోనే పిల్లలు కంచాలు పట్టుకుని కూర్చుంటారు. కొన్నేళ్ల కిందట ఒక ఇంజనీరు వచ్చి సుత్తితో స్తంభాన్ని తట్టి చూశాడు. పెచ్చు ఊడి కింద పడింది. లోపల ఇనుప ఊచలు తుప్పు పట్టి, పుచ్చిన పంటిలా చేతికే రాలిపోయాయి. ఇంజనీరు వెంటనే రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఇది ఖాళీగా ఉన్నంతకాలం నిలబడుతుంది సార్. నీళ్లు నింపితే మాత్రం నేనిక్కడ నిలబడను" అన్నాడు కండక్టరుతో.

ఆ రోజే ఇంజనీరు మోటారు ఆపించాడు. ట్యాంకు పడగొట్టాలని పైకి రాశాడు. పైనుంచి జవాబు రాకముందే ఆయనకు బదిలీ వచ్చింది. అప్పటి నుంచి ట్యాంకు ఎండిపోయి నిలబడి ఉంది. ఊళ్లో ఆడవాళ్లు ఇటుక బట్టీల అవతల ఉన్న బోరు దగ్గరికి బిందెలు మోసుకుపోతున్నారు. అక్క నడుము వంగిపోయింది.

ఆ నడుము చూసే ఆయన ఈ ప్రశ్న రాశాడు. ఊరికి కుళాయి నీళ్లు అందడం లేదన్న మాట నిజమేనా, అయితే ఎప్పటికి అందిస్తారు అని. దాని కింద ట్యాంకు బీటల సంగతి కూడా రాశాడు. సచివాలయంలో ప్రశ్నలు తీసుకునే సెక్షన్ ఆఫీసరు కళ్లజోడు పైకి తోసుకుని చదివింది.

"ఇందులో రెండు విషయాలున్నాయి సార్. నీళ్లు ఒక శాఖ, కట్టడాలు ఇంకో శాఖ. రెండూ ఉంచితే ఈ సమావేశాల్లో జవాబు రాదు. ఏం చెయ్యమంటారు?"

"బీటల ముక్క తీసెయ్యమ్మా. ముందు నీళ్లు రానీ. ట్యాంకు సంగతి వాళ్లకి తెలీదా ఏంటి?"

ఆమె ఎర్ర పెన్నుతో ఆ వాక్యం కొట్టేసింది. కొత్త బోరు వేస్తారనో, కనీసం లారీల్లో నీళ్లు తోలుతారనో ఆయన ఆశపడ్డాడు. పాత ట్యాంకు వైపు ఎవరూ చూడరని అనుకున్నాడు. ఆయన చేసిన పొరపాటు అదొక్కటే, కానీ అది చిన్న పొరపాటు కాదు.

జవాబు రోజు పొద్దున సభ్యుల బల్లల మీద అచ్చు వేసిన జవాబులు పెడతారు. కండక్టరు ఉత్సాహంగా కళ్లజోడు పెట్టుకున్నాడు. మొదటి ముక్క ఎప్పటిలాగే "కాదండి." ఆ తర్వాతి వాక్యం దగ్గర చూపు ఆగిపోయింది. ఊరిలోని ఎత్తైన ట్యాంకు ద్వారా పూర్తి సామర్థ్యంతో నీరు సరఫరా అవుతున్నది, కావున రెండో ప్రశ్న ఉత్పన్నం కాదు.

పై ప్రాణాలు పైనే పోయాయి. వరండాలోకి పరుగెత్తి అక్కకు ఫోన్ చేశాడు. అవతల బకెట్ల చప్పుడు, ఆడవాళ్ల కేకలు, పిల్లల గోల.

"ఒరేయ్ తమ్ముడూ, నీళ్లొచ్చాయిరా! నిన్నట్నుంచి మోటారు ఆగలేదు. ఊరు ఊరంతా నిన్నే తలుచుకుంటోంది. నువ్వు అడిగావు, వచ్చాయి!"

"అక్కా, ఎవరు నింపారు?"

"కొత్తగా వచ్చాడుగా, ఆ కుర్ర ఇంజనీరు. పైనుంచి ఒకటే ఫోన్లంట పాపం. ఏం, అలా ఉన్నావేంటి?"

"ముందు పిల్లల్ని బయటికి పంపించు. కుళాయిలన్నీ విప్పేసి ట్యాంకు ఖాళీ చేయించు. అది నిలబడదే!"

"నీకేమన్నా మతిపోయిందా? ఇన్నాళ్లకి నీళ్లొస్తే పారబొయ్యమంటావా? నేను చెప్తే ఎవరన్నా వింటారా, నన్ను కొడతారు!"

"స్తంభాల దగ్గర తడేమన్నా ఉందా అక్కా?"

"ఉంది, కాస్త కారుతోంది. దాని కింద గిన్నెలు పెట్టుకున్నాంలే. చుక్క వృథా పోనివ్వట్లేదు."

ఇంతలో లోపల గంట మోగింది. నీళ్ల మంత్రి దగ్గరికి ఉరుకుదామంటే ఆయన అప్పటికే లేచి జవాబు చదువుతున్నాడు. బల్లలు చరిచారు. మొట్టమొదటిసారి కండక్టరు కోసం కూడా చరిచారు, ఎంతైనా నీళ్లు తెప్పించిన సభ్యుడు కదా! అధ్యక్షుడు చిరునవ్వుతో, "గౌరవ సభ్యులకు తృప్తేనా?" అన్నాడు.

కండక్టరు లేచి నిలబడ్డాడు. ఆ క్షణంలో ఊరుకుంటే ఊరు తనను నెత్తిన పెట్టుకుంటుందని ఆయనకు తెలుసు. అక్క బిందె మొయ్యక్కర్లేదు. ట్యాంకు ఇవాళే పడుతుందని ఎక్కడా రాసి లేదు. ఇదంతా ఆయన మనసులోకి వచ్చింది. రాలేదంటే అబద్ధం.

"అధ్యక్షా, ఆ నీళ్లు ఆపించండి."

సభ గొల్లున నవ్వింది. మంత్రి చేతులు చాచి అన్నాడు: "ఇలాంటి సభ్యుణ్ణి నేను చూడలేదు అధ్యక్షా. ఇవ్వలేదంటే అడుగుతారు, ఇస్తే వద్దంటారు."

"ప్రసంగం వద్దు. అనుబంధ ప్రశ్న ఉంటే అడగండి" అన్నాడు అధ్యక్షుడు.

"అడుగుతాను. ఆ ట్యాంకు విరిగి బడిపిల్లల మీద పడితే మంత్రిగారు అప్పుడేం చదువుతారు? అప్పుడు కూడా కాదండి అనే చదువుతారా?"

నవ్వులు ఆగిపోయాయి. మంత్రి ముఖం కందిపోయింది. అధికారుల గ్యాలరీ వైపు ఒకసారి చూశాడు. అక్కడ ఒకాయన చూపు తిప్పుకున్నాడు. దాంతో మంత్రికి ఏదో అర్థమైంది, కానీ తప్పు ఒప్పుకుంటే మంత్రి ఎలా అవుతాడు?

"గౌరవ సభ్యులు వద్దన్నారు కాబట్టి ఆపేస్తున్నాం. ఆ మాట ఊరివాళ్లకి ఆయనే చెప్పుకోవాలి."

మధ్యాహ్నానికి కింది వాల్వు విప్పేశారు. ఊరంతా చూస్తుండగా ట్యాంకెడు నీళ్లు బడి ముంగిట పారి, వీధి దాటి, మురికి కాలువలో కలిశాయి. ఆ సాయంత్రం టీవీలో ఒక్క వాక్యమే చూపించారు. "ఆ నీళ్లు ఆపించండి." ముందూ లేదు, వెనకా లేదు.

తర్వాతి కథ వేరే చెప్పాలా? ఆయన ఇంటింటికీ తిరిగి తుప్పు గురించి, ఊచల గురించి చెప్పాడు. విన్నవాళ్లు విన్నట్టే తలాడించి, మలుపు తిరగ్గానే దుమ్మెత్తి పోశారు. మంత్రి దగ్గర్నుంచి ఏదో ముట్టిందన్నారు. అక్క ఆయనతో మాటలు మానేసింది. బిందె చంకనెత్తుకుని, తమ్ముడి ముందు నుంచే, గోడను చూసినట్టు చూసి వెళ్లిపోయింది. వెయ్యి తిట్లు తిన్నా ఆయన అంత కుంగిపోయేవాడు కాదు. పదవి ఉన్నంతకాలం ట్యాంకు పడగొట్టమని అడుగుతూనే ఉన్నాడు. పరిశీలనలో ఉందండి అని చెబుతూనే ఉన్నారు. ఎన్నికలు వచ్చాయి. అవతలివాళ్లు ఆటోకు మైకు కట్టి ఆ ఒక్క వాక్యమే వీధివీధినా వినిపించారు. ఆయనకు ధరావతు కూడా దక్కలేదు.

కొత్తగా గెలిచినాయన మాట నిలబెట్టుకునే రకం. స్తంభాలకు సిమెంటు పూయించి, నీలం రంగు వేయించి, ట్యాంకు నింపించాడు. లోపలి ఊచలను ఎవరూ చూడలేదు. చూద్దామన్న కండక్టరు మాట ఎవరూ వినలేదు. ఓడినవాడి ఏడుపు అన్నారు. కొందరు తల్లులు మాత్రం భయపడి పిల్లల్ని బడి మాన్పించారు. అర్జీ పట్టుకుని వెళ్తే కుర్ర ఇంజనీరు కుర్చీలోంచి లేచి, "నాకూ భయంగానే ఉంది సార్. కానీ నన్ను అడగొద్దు" అని తలుపు దగ్గరికి సాగనంపాడు.

ఆ మర్నాడు పట్టపగలు కండక్టరు వెళ్లి వాల్వు చక్రం పట్టుకుని తిప్పాడు. నీళ్లు దూకాయి. జనం పరుగెత్తుకొచ్చి ఆయన చొక్కా పట్టుకుని లాగారు. కాలర్ చిరిగింది. ఎవరో చెయ్యెత్తారు గానీ, అక్క రావడం చూసి దించేశారు. ఆమె వంటగదిలోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఎవరినీ పిలవకుండా, తన రెండు చేతులతో ఆ చక్రాన్ని బిగించింది.

"నా నోటి దగ్గరి నీళ్లు ఇంకోసారి లాక్కుంటే ఊరుకోనురా" అంది. ఇన్నేళ్లలో తమ్ముడితో మాట్లాడిన మొదటి మాట అదే.

"నువ్వన్నా ఆ పని మానెయ్యవే అక్కా. నీ కాళ్లు పట్టుకుంటా."

"పిల్లలకెవరు పెడతారు? నువ్వా?"

ఇంక ఆయన దగ్గర అడగడానికి ప్రశ్న మిగల్లేదు. అడిగితే జవాబు చెప్పే సభా లేదు. మర్నాటి నుంచి బడి తెరిచే వేళకు వచ్చి, ట్యాంకు కింద వంటగది అరుగు మీద కూర్చోవడం మొదలుపెట్టాడు. ఆఖరి పిల్ల ఇంటికి వెళ్లేదాకా కదిలేవాడు కాదు. పడితే అక్క ఒక్కతే ఎందుకు పోవాలి? ఆయన లెక్క అంతే. కాస్త చప్పుడైతే చాలు, పిల్లల్ని రెక్క పట్టుకుని లాగేద్దామని చూపంతా పైనే పెట్టుకుని కూర్చునేవాడు. నీలం రంగు మీద ఒకచోట తడి చార కనిపించింది. రోజూ కొంచెం కిందికి దిగుతోంది. చూపిస్తే చెమ్మ అన్నారు.

ఒకరోజు మధ్యాహ్నం అక్క గ్లాసుతో నీళ్లు తెచ్చి ఆయన పక్కన పెట్టింది. కోపం తగ్గినట్టుంది. చాలాకాలానికి ఆమె ముఖంలో నవ్వు కనిపించింది.

"తాగరా. ఈ కుళాయివే" అంది. "ఒక సంగతి చెప్పనా? నీ మాటలు విని భయపడి కొందరు పిల్లల్ని మాన్పించారు కదా, వాళ్లంతా మళ్లీ పంపుతున్నారు. ఆ చివరింటి కోడలు కూడా ఇవాళ పిల్లని తీసుకొచ్చి వదిలింది. నేనడిగితే ఏమందో తెలుసా? కండక్టరుగారే పొద్దస్తమానం దాని కిందే కూర్చుంటున్నారంటే ట్యాంకు గట్టిదేగా అంది!"

ఆయన గ్లాసు అందుకోలేదు. ఎదురుగా పిల్లలు వరసగా కూర్చుని కంచాలు చప్పుడు చేస్తున్నారు. నిన్నటికన్నా వరస పొడుగ్గా ఉంది. చివరన ఎప్పుడూ చూడని చిన్నపిల్ల ఒకతె, తల్లి కట్టిన రిబ్బను సర్దుకుంటూ ఆయన వైపు చూసి నవ్వింది. లేచి వెళ్లిపోతే అక్క ఒక్కతే మిగులుతుంది. కూర్చుంటే రేపు ఇంకొకరు వస్తారు. కండక్టరు లేవబోయాడు, మళ్లీ కూర్చున్నాడు, మళ్లీ లేవబోయాడు.

"ఏంట్రా ఆ లేవడం కూర్చోవడం? నీళ్లు తాగు" అంది అక్క.