నలభై వేల వ్యాకరణాలు కుట్టిన చెయ్యి

ఇంగ్లీషు వ్యాకరణంలో మా అమ్మమ్మను మించినవాళ్లు ఈ భూమ్మీద లేరు. పుస్తకం రాసిన పెద్దమనిషి ఒక్కసారి రాసి చేతులు దులుపుకున్నాడు. ఆవిడ దాన్ని నలభై వేలసార్లు కుట్టింది. చదివిందా అంటే, అది వేరే సంగతి.

బైండింగు షాపులో కిటికీ పక్క పొడుగు బల్ల ఆవిడది. పదహారు పేజీల మడతను అక్కడ ఫారం అంటారు. పన్నెండు ఫారాలు కుప్పలుగా పెట్టుకుని, బల్ల వెంట నడుస్తూ ఒక్కొక్కటి లాగి పేర్చి, కుట్టేది. ఏ కుప్ప ఏదో పేజీ వాలకం చూసే పోల్చుకునేది. ఇరవై ఆరేళ్లూ అదే పుస్తకం కాబట్టి చెల్లిపోయింది.

ఈ ఏడు ఆ పుస్తకం పోయి కొత్త వ్యాకరణం వచ్చింది. కొత్త మేనేజరు వచ్చి, ఏ ఫారంలో ఏ పాఠముందో చెప్పగలిగినవాళ్లే ఈ బల్ల దగ్గరుండాలన్నాడు. మిగతావాళ్లు వెనక చీకటిగదిలో అట్టపెట్టెలు కట్టాలి. సోమవారం పరీక్ష. అమ్మమ్మకు అన్నం సయించలేదు. కూడబలుక్కుంటే అక్షరాలు వచ్చు, మాటలే కొరుకుడు పడవు.

"ఏమే, నీకు ఇంగ్లీషు వచ్చుగా?" అని నన్నడిగింది.

"ఓ!" అన్నాను.

"అయితే చెప్పు."

"నౌన్ అంటే పేరు. మనిషిదైనా, వస్తువుదైనా."

"ఊఁ."

"వెర్బ్ అంటే పని."

"మీ తాతకు గిట్టనిది. తర్వాత?"

"అడ్జెక్టివ్. పేరుగలది ఎలాంటిదో చెప్పేది. పొట్టి, నల్ల, పిసినారి..."

"మీ పెద్దత్తకు అది తగిలించకుండా ఒక్కరి పేరూ నోట రాదు."

కంజంక్షన్ మాటల్ని కలుపుతుందనగానే, "దారమని చెప్పొచ్చుగా!" అని కసిరింది. ఫ్రేజ్ దగ్గర మాత్రం బండి రెండు రోజులు కదల్లేదు. మూడోరోజు పడక్కుర్చీలోంచి తాతయ్య గొంతు వినిపించింది.

"టీవీ పక్కన... నిన్నటి పేపరు కింద..."

"ఏముంది అక్కడ?" అని అరిచింది అమ్మమ్మ. తాతయ్య మళ్లీ కునుకులో పడ్డాడు. ఆవిడ గిరుక్కున నా వైపు తిరిగింది. "ఇదేనా ఫ్రేజంటే? మాటలున్నాయి, సంగతి తేలలేదు!"

సోమవారం నేనూ తోడెళ్లాను. మేనేజరు ఫారాలు తారుమారు చేసి ముందు పరిచాడు. అమ్మమ్మ ఒక్కొక్కదాని మీదా వేలు పెట్టి చదివింది, అర్థం చెప్పింది. ఏడోదాని దగ్గర, "ఇది ఫ్రేజ్. అచ్చం మా ఇంటాయనే సారూ. నాలుగు మాటలు కలిసే వస్తాయి, విషయం మనమే లాగాలి" అంది. మేనేజరు నవ్వాపుకోలేక కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"మీరు కిటికీ దగ్గరే ఉండండమ్మా."

సాయంత్రం ఇంటికొస్తుంటే కాలరెగరేశాను. "చూశావా అమ్మమ్మా, అంతా నా చలవే!"

"నోర్ముయ్. నువ్వు చెప్పిందాంట్లో సగం నీకే రాదని రెండోరోజే తెలిసింది నాకు. పద, ఇంటికెళ్లి నువ్వు కూర్చో, నేను చెప్తా."