ఎవ్లోగీ చెరిపిన డిస్క్

గోర్నో లెస్కోవో ఊరి పఠనమందిరంలో ఉన్నది ఒకటే కంప్యూటర్. అది మందిరానిదని ఊరంతా అనుకునేది. పదకొండేళ్ళుగా దాని ముందు కూర్చుంటున్న ఎవ్లోగీ చాకరోవ్ మాత్రం అలా అనుకోలేదు.

ఎవ్లోగీ ఇరవై రెండేళ్ళు కంప్యూటర్ల కర్మాగారంలో పనిచేసి, అది మూతపడ్డాక ఊరికి తిరిగొచ్చాడు. అక్కడ ఆయన చేసిందల్లా పెట్టెలకు మూతలు బిగించడమేనని అందరికీ తెలుసు. అయినా కాఫీ కొట్టు దగ్గర నోరు తెరిస్తే చాలు, "మేం కంప్యూటర్లు కనిపెడుతున్న రోజుల్లో..." అని మొదలుపెట్టేవాడు. కంప్యూటర్‌ని నడిపే సిస్టమ్‌గా తాను లినక్స్ వాడేవాడు. విండోస్ వాడేవాళ్ళను మనుషుల కింద లెక్కగట్టేవాడు కాదు. అలా చూస్తే ఊళ్ళో మనిషి అనదగ్గవాడు ఆయనొక్కడే మిగిలాడు.

ఒక్క మంచిపని చేశాడు, అది కాదనడానికి లేదు. ముసలివాళ్ళ దగ్గర కూర్చుని, ఆ ప్రాంతంలో తప్ప ఇంకెక్కడా వినబడని మాటలు నాలుగు వేల దాకా పోగుచేశాడు. అవన్నీ ఆ కంప్యూటర్లోనే ఉండేవి.

గొడవ వెలిచ్కాతో మొదలైంది. ఆమె బడిలో సంగీతం చెప్పి రిటైరై, మందిరంలో ఆడవాళ్ళ పాటల బృందాన్ని నడుపుతోంది. స్వరాలు రాసుకోవడానికి ఆమె దగ్గరున్న ప్రోగ్రామ్ విండోస్‌లోనే నడుస్తుంది.

"ఆ చెత్త నా మెషీన్‌లోకి రాదు," అన్నాడు ఎవ్లోగీ.

"నీ మెషీనేవిటయ్యా? మీ నాన్న నీ పేర రాసిపోయాడా?" అంది వెలిచ్కా. ఇద్దరూ ఒకే తరగతిలో చదువుకున్నారు. ఆమెకు ఆయనంటే భయం లేదు.

మందిరం చూసుకునే స్తామెనా వయసులో చిన్నది, ఇద్దరికీ నచ్చజెప్పాలని చూసింది. "ఎవ్లోగీ గారూ, రెండో డిస్క్ కొందాం. లినక్స్ మీ డిస్క్‌లో, విండోస్ ఆవిడ డిస్క్‌లో. ఆన్ చేసేటప్పుడు ఎవరికి కావలసింది వాళ్ళు ఎంచుకుంటారు. ఒకరి జోలి ఒకరికుండదు."

పాత డిస్క్ ఏ కంపెనీదో, ఎంత సైజుదో సరిగ్గా అలాంటిదే తెమ్మని ఎవ్లోగీ పట్టుబట్టాడు. కారణం అడిగితే, "చెప్పినా మీకు అర్థం కాదు," అన్నాడు.

డిస్క్ వచ్చిన రోజు పాటల బృందమంతా చూడ్డానికి వచ్చింది. ఎవ్లోగీ స్క్రూడ్రైవర్ పట్టుకుని, పెట్టె మూత తీసి, అరగంట ఉపన్యాసం ఇచ్చాడు. వెలిచ్కా చేతిలో ఎక్కడి నుంచో ప్రింటు తీసుకున్న కాగితం ఉంది.

"కొత్తదాంట్లో సిస్టమ్ ఎక్కించేటప్పుడు పాత డిస్క్ కేబుల్ పీకేయమని రాశారు ఇందులో. పొరపాటున దానికేమీ కాకుండా."

"పొరపాట్లు చేసేవాళ్ళ కోసం రాసిన కాగితమది. నీ దగ్గరే ఉంచుకో."

"పోనీ, నీ మాటలన్నీ ఇంకోచోట కాపీ చేసి పెట్టుకున్నావా?"

"తన చెయ్యి మీద తనకు నమ్మకం లేనివాడికి కావాలి కాపీలు."

ఆ రోజు ఏ ఉపద్రవమూ జరగలేదు. దాంతో ఆయన ఇంకా బిగుసుకుపోయాడు.

కంప్యూటర్ ఆన్ చేస్తే ముందుగా వెలిచ్కా డిస్కే లేచేది. తనది కావాలంటే ఎవ్లోగీ ఒక మీట నొక్కి ఎంచుకోవాలి. నెలల తరబడి ఆ మీట నొక్కిన ప్రతిసారీ తనకేదో అన్యాయం జరిగినట్టు మొహం పెట్టేవాడు. పైగా ఆయన వాడి లేచాక వెలిచ్కా కూర్చుంటే తెర మీది గడియారం మూడు గంటలు వెనక్కి ఉండేది. రెండు సిస్టమ్‌లూ టైము లెక్కేసే పద్ధతులు వేరు. సెట్టింగుల్లో ఒక్క వరుస మారిస్తే సర్దుకుంటుందని ఆయనకు తెలుసు. మార్చలేదు.

"నాది ప్రపంచం టైము, నీది ఊరి టైము," అన్నాడు.

బృందంలో ఆడవాళ్ళకు ఇది భలే దొరికింది. గడియారం వెనక్కి ఉన్నప్పుడల్లా, "ఎవ్లోగీ వచ్చి వెళ్ళాడే, పొద్దు వెనక్కి తిరిగింది!" అని విరగబడి నవ్వేవారు. ఒకరోజు ఆయన తలుపు అవతల ఉండగానే అన్నారు. విన్నాడు. ఆ నవ్వుల్లో స్తామెనా నవ్వు కూడా ఉంది.

మర్నాడు మధ్యాహ్నం అందరూ భోజనాలకు వెళ్ళాక ఆయన డిస్క్‌లు చెరిపే ప్రోగ్రామున్న పెన్ డ్రైవ్ జేబులో వేసుకుని వచ్చాడు. వెలిచ్కా డిస్క్‌ను పూర్తిగా చెరిపేసి, ఆ చెత్త దానంతటదే కూలిపోయిందని చెప్పాలని ఆయన పథకం. తెర మీద రెండు డిస్క్‌లూ రెండు వరుసల్లో కనబడ్డాయి. అదే కంపెనీ, అదే సైజు. మొదటిది ఎప్పుడూ తనదే కాబట్టి రెండోదాన్ని చెరపమన్నాడు. కంప్యూటర్‌ని పెన్ డ్రైవ్ నుంచి లేపినప్పుడు ఆ వరుస తారుమారు కావచ్చని ఆయనకు తట్టలేదు. పెట్టెలకు మూతలు బిగించేటప్పుడు ఆ సంగతి తెలియాల్సిన పని పడలేదు. చెరుపుడు సాగుతుంటే ఇంటి నుంచి తెచ్చుకున్న బానిట్సా రొట్టె విప్పుకుని, జున్ను పొరలు రాలకుండా జాగ్రత్తగా తిన్నాడు.

అయిపోయాక మళ్ళీ ఆన్ చేశాడు. వెలిచ్కా తెర లేచింది, పాటలన్నీ వరుసగా ఉన్నాయి. ఆయన మీట నొక్కి చూశాడు. ఎంచుకోవడానికి ఇంకోటి లేదు. మళ్ళీ నొక్కాడు. చేతివేళ్ళకు అంటిన నెయ్యి తుడుచుకోవడం కూడా మరిచిపోయి నొక్కుతూనే ఉన్నాడు.

"నా డిస్క్ చచ్చిపోయింది. పాతబడింది," అని స్తామెనాతో చెప్పి ఇంటికి వెళ్ళిపోయాడు. స్తామెనా నిజంగా బాధపడింది. వెలిచ్కా మాత్రం కీబోర్డు మీద నెయ్యి మరకలు చూసింది.

మూడు వారాలు ఆయన మందిరం గడప తొక్కలేదు. నాలుగో వారం వెలిచ్కాయే ఆయన గేటు దగ్గరికి వచ్చింది.

"ఎవ్లోగీ! గేటు తీస్తావా, దూకమంటావా? అరవై నాలుగేళ్ళ మోకాళ్ళివి."

"పనుంది నాకు." మిరప నారు నాటుతున్నాడు.

"నీ డిస్క్ చావలేదు. మా అల్లుడు చూశాడు. నిక్షేపంలా ఉంది, ఖాళీగా ఉంది. చెరపాలనుకున్నది నాది కదూ?"

ఆయన ఇందాకే అదిమిన మొక్క మొదట్లో మట్టిని మళ్ళీ అదిమాడు.

"పదకొండేళ్ళు, వెలిచ్కా," అన్నాడు.

"సిగ్గులేదూ! పదకొండేళ్ళూ ఆ మాటలు చెప్పింది నువ్వా? మా అమ్మ చెప్పింది, డోంకా అవ్వ చెప్పింది. నువ్వు రాసుకున్నావంతే. మా అమ్మ పోయింది. డోంకా అవ్వకి తొంభై ఒకటి. నువ్వు అలిగి మిరప మొక్కలతో కూర్చుంటే నీకోసం ఆగుతుందా ఆవిడ? గురువారం రా. టైపు నేను చేస్తా. నిన్ను కీబోర్డు ముట్టుకోనివ్వను."

"నీకు తప్పుల్లేకుండా రాయడం రాదు."

"నీకు తప్పుల్లేకుండా చెరపడం రాదు."

గురువారం ఆయన వచ్చాడు. క్షమించమని అడగలేదు, అడుగుతాడని ఎవరూ ఎదురుచూడలేదు. డోంకా అవ్వ కుర్చీలో కూర్చుని చెబుతుంటే వెలిచ్కా తన డిస్క్‌లోకి ఎక్కించేది. ఆయన వెనక నిలబడి అక్షరానికొక వంక పెట్టేవాడు. లేచేముందు ఆమె రెండు చోట్ల కాపీ తీసేది, ఆయన కిటికీలోంచి బయటికి చూసేవాడు. ఎండాకాలం పోయేసరికి ఆరువందల మాటలు తిరిగి వచ్చాయి. తక్కినవి చెప్పినవాళ్ళు చాలామంది ఇప్పుడు లేరు.

కాఫీ కొట్టు దగ్గర ఎవ్లోగీ ధోరణి మాత్రం మారలేదు. ఒక సాయంత్రం ఎవరో కుర్రాడికి రెండు డిస్క్‌లు ఎలా పెట్టుకోవాలో బోధిస్తున్నాడు.

"ఒకదాని మీద పనిచేసేటప్పుడు రెండోదాని కేబుల్ పీకాలి, ముందుగా కాపీ తీయాలి. ఇంత చిన్న సంగతి తెలియని అడ్డగాడిదలు కూడా ఉంటారు లోకంలో."

అటుగా సంచి పట్టుకుని పోతున్న వెలిచ్కా ఆగకుండానే అంది:

"ఆ అడ్డగాడిదని రేపు మాటల పనికి నాలుగింటికే రమ్మను. అయిదింటికి మా పాటల ప్రాక్టీసుంది."