అప్ప చెయ్యి, నా ప్రోగ్రాము

ఆ బెంగాలీ ఊళ్ళో, ఓల్డ్ సెటిల్‌మెంట్ అనే రైల్వే కాలనీలో మా క్వార్టరుకి రెండు గుమ్మాల అవతల ఉండే ఆమెను నేను అప్ప అని పిలిచేవాణ్ణి. మా శ్రీకాకుళం వైపు అక్కను అలాగే అంటారు. రక్తసంబంధం ఏమీ లేదు. వాళ్ళ నాన్నా మా నాన్నా రైల్వే వర్క్‌షాపులో పక్కపక్కన పనిచేసినవాళ్ళు, అంతే. ఆమె నాకంటే పన్నెండేళ్ళు పెద్ద. పెళ్ళి చేసుకోలేదు. తల్లితో ఉంటూ ఊళ్ళోని ఒక ప్రైవేటు స్కూల్లో టైపిస్టుగా చేసేది. ప్రశ్నపత్రాలు, ఉత్తరాలు, సర్టిఫికెట్లు, ఆ స్కూలు నుంచి బయటికి వచ్చే ప్రతి ఇంగ్లీషు కాగితమూ ఆమె కొట్టిందే. నాకు టైపు నేర్పింది కూడా ఆమే. కీల మీద తువ్వాలు కప్పి, చూడకుండా కొట్టమనేది.

తొంభైల చివర్లో, నలభై నిండకముందే, ఆమెకు పక్షవాతం వచ్చింది. మాట తిరిగి వచ్చింది, నడక వచ్చింది, ఎడమ చెయ్యి మాత్రం రాలేదు. స్కూలువాళ్ళు ఆమెను పంపెయ్యలేదు. లైబ్రరీలో పుస్తకాలకు నంబర్లు వేసే పని ఇచ్చారు. ఆ పని గురించి ఎవరైనా అడిగితే, "బాగుంది, కూకుని సేసీదే కదా" అని అక్కడితో మాట ఆపేసేది.

ఆ ఏడే స్కూలుకి ఒక కంప్యూటరు వచ్చింది. ఇంజనీరింగ్ కాలేజీలో పరిశోధన చేసే కుర్రాడొకడు ఖర్చు లేకుండా దానిలో లినక్స్ అనే, కంప్యూటరును నడిపే ఉచిత సాఫ్ట్‌వేర్ ఎక్కించి పెట్టాడు. హెడ్‌మిస్ట్రెస్ బెంగాలీ ఆవిడ. స్కూల్లో అందరూ ఆవిణ్ణి బొడోదీ అనేవారు, పెద్దక్క అని. ఆవిడ అప్పను పిలిచి, "దీని మీద ఒక్క చేత్తో టైపు చెయ్యగలిగితే చూపించు, నీ కుర్చీ నీదే. లేకపోతే ఇంకొకరిని తీసుకోవాలి" అందట.

అప్ప నేరుగా నా దగ్గరికి వచ్చింది. నేను అప్పుడు మలంచా రోడ్డు మీద ఒక కంప్యూటర్ సెంటర్లో పాఠాలు చెబుతున్నాను. స్నేహితుడు ఇచ్చిన సీడీతో అక్కడి ఒక మెషీన్లో లినక్స్ ఎక్కించుకుని, ఈ ఊళ్ళో అది నాకొక్కడికే తెలుసన్నట్టు తిరుగుతున్న రోజులవి.

"ఒరే, అచ్చరాలు ఒక సేత్తో కొట్టీగల్ను. షిఫ్టూ కంట్రోలూ నొక్కి పట్టుకుని ఇంకోటి కొట్టమంటేనే నావల్ల కాదు. దానికేటైనా దారుందేటి?"

దారి ఉంది. ఏ కీ నొక్కితే ఏం జరగాలో చెప్పే పట్టిక ఒకటి లినక్స్ లోపల ఉంటుంది. దాన్ని మనమే మార్చుకోవచ్చు. షిఫ్ట్ ఒకసారి నొక్కి వదిలేస్తే తరువాతి అక్షరం దాకా అది పట్టుకుని ఉండేట్టు చేశాను. సేవ్ చెయ్యడం, అచ్చు వెయ్యడం, మాట చెరపడం వంటి రెండు మూడు కీల పనులన్నీ కుడిచేతి వైపు ఒక్కొక్క కీకి మార్చాను. అంతా ఒక చిన్న ప్రోగ్రాముగా కట్టి ఫ్లాపీలో పెట్టాను. ఫ్లాపీ పెట్టి దాని పేరు కొడితే చాలు, పట్టిక మారి తెర మీద 'రెడీ' అని వచ్చేది.

నెల రోజులు రోజూ మధ్యాహ్నం, బ్యాచ్‌లు లేని వేళ, అప్ప సెంటర్‌కి వచ్చి సాధన చేసింది. మొదటివారం భుజం నొప్పికి మధ్యమధ్య లేచి నిలబడేది. మూడోవారానికి ఒక పేజీ ఉత్తరం తప్పు లేకుండా కొట్టింది. ఆ కాగితం ప్రింటర్లోంచి వస్తుంటే చివరిదాకా రాకుండానే పట్టుకోబోయింది. నేను మా స్నేహితులందరికీ చెప్పుకున్నాను, ఏ లినక్స్ మీదైనా పనిచేస్తుంది నా ప్రోగ్రాము అని. నిజానికి ఒక్క మెషీన్ మీద తప్ప ఇంకెక్కడా పెట్టి చూడలేదు.

బొడోదీకి కొట్టి చూపించే పరీక్షకి రెండు రోజుల ముందు అప్ప అడిగింది. "స్కూల్లో ఉన్న లినక్సూ ఇదీ ఒకటేనేటి? ఆ కుర్రోడు వేరే రకం అన్నాడు. ఒకపాలి వొచ్చి సూడరా."

"లినక్స్ అంటే లినక్సే అప్పా. రకాలన్నీ పేరుకే."

స్కూలు ఉన్నది సైకిల్ మీద పది నిమిషాల దూరంలో. వెళ్ళలేదు. ఆ సాయంత్రం కేరమ్ ఆడాను. అడిగినవాళ్ళు లేరు గాని, ఎవరైనా అడిగితే ఇంతకన్నా గొప్ప కారణం చెప్పలేను.

పరీక్ష రోజున అప్పను నా సైకిల్ వెనక కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళాను. కొత్తగా ఇస్త్రీ చేసిన నీలం చీర కట్టుకుంది. బొడోదీ గదిలోనే ఒక మూల కంప్యూటరు. నేను ఫ్లాపీ పెట్టి పేరు కొట్టాను. 'రెడీ' అని వచ్చింది. పక్కకి జరిగాను.

బొడోదీ ఒక ఉత్తరం చదువుతుంటే అప్ప కొట్టసాగింది. మొదటి అక్షరమే పెద్దది రావాలి. షిఫ్ట్ నొక్కి వదిలి అక్షరం కొట్టింది. చిన్నది వచ్చింది. చెరపడానికి నేను నేర్పిన కీ నొక్కింది. తెర మీద పిచ్చిగుర్తు ఒకటి పడింది. మళ్ళీ షిఫ్ట్, మళ్ళీ చిన్న అక్షరం. ఆమె ఒకసారి నా వైపు చూసింది. నేను తెర వైపు చూశాను. మూడోసారీ అంతే.

"థాక్ దీదీ, తాడా నేయ్," అంది బొడోదీ. ఉండనివ్వు అక్కా, తొందరేం లేదని. తరువాత నా వైపు తిరిగి హిందీలో అడిగింది, మెషీన్లో ఏమైనా దోషమా అని.

ఆ క్షణంలో నాకు తెలుసు. అసలు కారణమేమిటో తెలియదు గాని, తప్పు అప్పది కాదని మాత్రం తెలుసు. నెల రోజులుగా ఆ వేళ్ళను చూస్తున్నవాణ్ణి. అయినా నా నోట్లోంచి వచ్చింది ఇది:

"మెషీన్ ఠీక్ హై, ప్రోగ్రామ్ భీ ఠీక్ హై. దీదీ ఘబ్రా గయీ హై."

మెషీనూ బాగుంది, ప్రోగ్రామూ బాగుంది, దీదీయే కంగారుపడిందట. అప్పకు హిందీ నాకంటే బాగా వచ్చు.

బొడోదీ తల ఊపింది. అప్ప కుడిచేత్తో ఎడమచేతిని ఎత్తి ఒళ్ళో పెట్టుకుంది. నేను సైకిల్ తీసుకొస్తానని బయటికి వెళ్ళిపోయాను. దారిలో ఆమే అంది, "నాదేలేరా తప్పు. నీ పేరు పాడు సేసినాను." నేను తొక్కుతూనే ఉన్నాను.

ఆ వారంలోనే, స్కూల్లో ఉన్న రకం లినక్స్ సీడీ సంపాదించి సెంటర్లో ఎక్కించి చూశాను. పది నిమిషాల్లో తెలిసిపోయింది. లినక్స్ గుండెకాయ ఒకటే అయినా, దాన్ని సర్ది పంచేవాళ్ళు వేరు, ఎవరు ఏ వస్తువు ఏ డైరెక్టరీలో పెడతారో వాళ్ళ ఇష్టం. కీల పట్టికలు నా రకంలో ఒకచోట ఉంటే, దానిలో ఇంకోచోట ఉన్నాయి. నా ప్రోగ్రాము లేని చోట వెతికి, దొరక్క, ఏమీ మార్చకుండా ఊరుకుంది. మరి 'దొరకలేదు' అని తెర మీద ఎందుకు రాలేదంటే, తప్పుల సందేశాలేవీ కనబడకుండా నేనే ఆపేశాను. తెర శుభ్రంగా కనిపించాలని. పట్టిక మారినా మారకపోయినా 'రెడీ' అని రాసేట్టు పెట్టాను. ఆ రెండు వరసలూ నా చేతి రాతే. వాటిని చూస్తూ చాలాసేపు కూర్చున్నాను.

ప్రోగ్రామును సరిచెయ్యడం కష్టం కాదు. అప్ప గుమ్మం ఎక్కడమే కష్టమైంది. రేపు చెబుదామనుకున్నాను, ఆదివారం చెబుదామనుకున్నాను. తరువాత సెంటర్‌కి వెనక సందులోంచి వెళ్ళడం మొదలుపెట్టాను.

ఒకరోజు అన్నం పెడుతూ మా అమ్మ అంది, "అప్ప మల్లీ టైపు సేస్తన్నాదట. ఆ కాలేజీ కుర్రోడు ఏదో బాగుసేసినాడట. నీకు సెప్పనేదేటి?"

ఆ ఫ్లాపీ నేను మెషీన్లోనే వదిలేసి వచ్చాను. ఆ కుర్రాడు దాన్ని తెరిచి చూశాడన్నమాట. అప్పకు అంతా తెలిసిపోయిందన్నమాట. అప్పుడైనా వెళ్ళాలి కదా. వెళ్ళలేదు. ఇంకో నెల రోజులు వెనక సందులోంచే తిరిగాను.

చివరికి ఆమే సెంటర్‌కి వచ్చింది. చేతిలో ఆ ఫ్లాపీ.

"ఆ కుర్రోడు సదువైపోయి ఎలిపోతన్నాడు. ఎలిపోయే ముందర కొత్త రకం లినక్సు ఎక్కించినాడు. ఇది మల్లీ పనిసెయ్యటం నేదు. సూస్తావా?"

ఫ్లాపీ అందుకున్నాను. లోపల నా ప్రోగ్రాము మొదట్లో నా పేరు అలాగే ఉంది. దాని కింద, పట్టికలు ఏయే చోట్ల ఉండవచ్చో ఒక్కొక్కటీ వెతికే వరసలు అతను రాశాడు. నేను నోరు నొక్కిన సందేశాలను మళ్ళీ మాట్లాడనిచ్చాడు. నా గురించి ఒక్క మాట కూడా రాయలేదు.

"అప్పా, ఆ రోజు తప్పు నీది కాదు. నా ప్రోగ్రాముది."

"తెలుసు. వారం పది రోజుల్లోనే తెలిసినాది."

"మరి నన్ను అడగలేదే?"

"నువ్వే వొచ్చి సెప్తావని సూసినాను. నాకు సెప్పటం కాదు. ఎవల ముందర ఆ మాటన్నావో ఆవిడ ముందర సెప్పు."

మర్నాడు మధ్యాహ్నం వెళ్ళాను. ముందు మెషీన్ చూశాను. ఈ కొత్త రకంలో పట్టికలు మూడో చోట ఉన్నాయి. ఆ చోటు జాబితాలో చేర్చి, మెషీన్ ఆపి, మళ్ళీ వేసి, నాలుగైదు సార్లు పరీక్షించాను. తరువాత బొడోదీ బల్ల ముందు నిలబడి చెప్పాను. ఆ రోజు నేనన్నది అబద్ధమని, వచ్చి చూడమని దీదీ ముందే అడిగినా నేను రాలేదని. హిందీలో మొదలుపెట్టి మధ్యలో మాటలు దొరక్క బెంగాలీలోకి దిగాను.

ఆవిడ హాజరు పుస్తకం మూసింది. కోప్పడలేదు. "నువ్వు సైకిల్ తేవడానికి వెళ్ళినప్పుడు తను ఈ కుర్చీలో కూర్చుని ఏడ్చింది," అంది. "నీకు చెప్పొద్దంది. కుర్రవాడు బాధపడతాడంది." మళ్ళీ పుస్తకం తెరుచుకుంది.

నేను వెనక్కి తిరిగేసరికి అప్ప కీబోర్డు ముందు కూర్చుని ఏదో సర్టిఫికెట్ కొడుతోంది. షిఫ్ట్ నొక్కి వదిలింది. పెద్ద అక్షరం పడింది. బాగా పనిచేస్తోందా అని అడిగాను.

"బాగుంది బాబూ. థాంక్స్," అంది, తెర మీంచి చూపు తిప్పకుండా.

అంతవరకు ఒరే అనడమే గాని ఆమె నన్నెప్పుడూ బాబూ అనలేదు, థాంక్స్ చెప్పలేదు. ఆ తరువాత ఆ స్కూలుకి ఇంకెన్నోసార్లు వెళ్ళాను. ఎప్పుడు వెళ్ళినా టీ తెప్పించేది, మా అమ్మ ఎలా ఉందని అడిగేది, పని అయ్యాక గుమ్మం దాకా వచ్చేది. మర్యాదకి ఏనాడూ లోటు చెయ్యలేదు.