కిరసనాయిలు తొట్టి దాటి

ఆమెను కార్లు బాగుచేసే ఆ షెడ్డులో అందరూ చిన్నక్క అంటారు. ఇరవై ఏళ్ళుగా ఆమె చోటు, మూలనున్న కిరసనాయిలు తొట్టి. ఇంజన్లు విప్పేది ఆమె, కడిగేది ఆమె. బిగించేది మాత్రం వాళ్ళ అన్నయ్య. నల్లటి మడ్డి కిందనుంచి ఒక్కో సామానూ వెండిలా తేలివస్తుంటే, దాని మీది ప్రతి గాటూ ఆమె వేళ్ళకి చుట్టమైపోయేది. ఏది ఎక్కడిదో కళ్ళు మూసుకుని చెప్పగలదు. ఎవరూ అడగలేదు.

ఆ వారం అన్నయ్య జారిపడి కుడిచేతికి కట్టు కట్టించుకున్నాడు. సరిగ్గా అప్పుడే ఒక టాక్సీ డ్రైవరు, ఇంజన్లో పై చక్రాన్నీ కింది చక్రాన్నీ కలిపి తిప్పే టైమింగ్ బెల్టు మార్పించడానికి వచ్చాడు.

అన్నయ్య గుమ్మంలో కుర్చీ వేసుకున్నాడు. "నువ్వే చెయ్యి, నేను చెప్తుంటా. ఇంజన్ పాడైందో, మళ్ళీ జన్మలో స్పానర్ ముట్టుకోనివ్వను. తొట్టే నీకు గతి."

ఆమె మూత విప్పింది. లోపల బెల్టు, జ్వరమొచ్చినవాడి పెదవిలా పగిలి ఉంది.

"పాత బెల్టు మీదా, పళ్ళచక్రాల మీదా తెల్లరంగు చుక్కలు పెట్టు. వాటినే కొత్త బెల్టు మీదికి దించు. అంతే పని."

ఆమె రంగుడబ్బా ముట్టుకోలేదు. గుడ్డతో చక్రాలు తుడిచి, కింది చక్రం మీద కంపెనీ పెట్టిన గాటును ఇంజన్ మీది గీతకు తెచ్చింది. పై చక్రం గాటు మాత్రం దాని గీతకు ఒక పన్ను అవతల ఆగింది.

"పోయినసారి దీన్ని ఎవరు మార్చారన్నయ్యా?"

"నేనే. ఏం?"

"ఒక పన్ను తప్పింది."

డ్రైవరు మెల్లగా లేచి నిలబడ్డాడు. "అందుకేనా, రెండేళ్ళుగా వంతెన ఎక్కాలంటే మా తాతలా ఆయాసపడుతోంది? అడిగితే యాక్సిలరేటరు మీద నా కాలు బరువన్నావు కదన్నా."

"నీ కాలు బరువే." అన్నయ్య మొహం కందిపోయింది. చెల్లెలి వైపు తిరిగాడు. "నువ్వు చుక్కలు పెట్టవే."

"పెట్టను. పెడితే నీ తప్పే కొత్త బెల్టుకి ఎక్కుతుంది."

"ఎన్ని ఇంజన్లు బిగించావేంటి నువ్వు?"

"ఒక్కటీ లేదు. నువ్వు బిగించినవన్నీ కడిగాను."

ఇక అతని మాటలు ఆమె వీపుకే తగిలాయి. పాత బెల్టు తీసేసింది. పై చక్రాన్ని ఒక్క పన్ను జరిపింది. నీళ్ళపంపు అంచున నీళ్ళు కారి ఎండిన చార కనిపిస్తే పంపూ మార్చింది, బెల్టును బిగువుగా పట్టే టెన్షనరూ మార్చింది. కొత్త బెల్టు ఎక్కించి, పొడుగు స్పానరుతో ఇంజన్ని చేత్తో రెండు చుట్లు తిప్పింది. నెమ్మదిగా, ఊపిరి వింటున్నట్టు. ఎక్కడా అడ్డు తగల్లేదు. రెండు గాట్లూ వాటి గీతల దగ్గరికి ఇంటికొచ్చినట్టు వచ్చి నిలిచాయి.

తాళం తిప్పాక ఇంజన్ గొంతు సన్నగా, నిండుగా పలికింది. డ్రైవరు వంతెన మీదికి పోయి పావుగంటలో తిరిగొచ్చాడు.

"అక్కా, మా తాతకి పెళ్ళీడు వచ్చేసింది."

ఆమె నవ్వలేదు. అప్పటికే షెడ్డులో వంతు కోసం ఆగి ఉన్న ఇంకో కారు మూత ఎత్తుతోంది.

అన్నయ్య కట్టు సవరించుకున్నాడు. గొణిగాడు: "నువ్విక్కడుంటే తొట్టి దగ్గర ఎవరుంటారు మరి?"

"నీ ఎడమచెయ్యి బాగానే ఉందిగా అన్నయ్యా."